నలుగురి గుడారంలో ముగ్గురే!

శనివారం సాయంత్రం వెళ్లి ఆదివారం మధ్యాహ్నానికి తిరిగొచ్చే చిన్న ప్రయాణాలకు సొంత గుడారం కొనుక్కునేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. కారు డిక్కీలో ఓ మూలకు ఒదిగిపోయే ఆ మూటలో విశేషాలు మాత్రం బోలెడు!

● సంచి మీద ‘4’ అని ఉంటే నాలుగు సన్నటి పరుపులు పక్కపక్కనే పడతాయని లెక్క. మనిషికి దక్కేది సుమారు 60 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు రైలు బెర్తంత. మరి బ్యాగులు, నీళ్ల క్యాను ఎక్కడ పెట్టాలి? అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలైతే ఒక అంకె పైదే మేలు. లేదా ముందువైపు చిన్న వసారా ఉన్నది చూసుకోవాలి. కొనేముందు గచ్చు మీద సుద్దముక్కతో 240×210 సెంటీమీటర్ల గడి గీసి, నలుగురూ అందులో పడుకుని చూడండి. సంగతి ఇట్టే తెలిసిపోతుంది!

● సైకిలు మీద గుడారం కట్టుకుని ఊళ్లు తిరిగే సరదాకు ఇంగ్లండులో ఊపు తెచ్చింది ఓ దర్జీ. పేరు థామస్ హైరమ్ హోల్డింగ్. 1853లో, చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే, బండ్ల బిడారుతో అమెరికా మైదానాలు దాటాడు. పెద్దయ్యాక 1901లో సైకిలు క్యాంపర్ల సంఘం పెట్టాడు. 1908లో ‘క్యాంపర్స్ హ్యాండ్‌బుక్’ రాశాడు. గుడారం తేలిగ్గా ఉండాలన్నది ఆయన పట్టుదల.

● చీటీ మీద ‘2000 మి.మీ.’ అని కనిపిస్తే వర్షపాతం అనుకోకండి. గుడ్డ మీద గొట్టం నిలబెట్టి నీళ్లు నింపుతూ పోతే, ఎంత ఎత్తు దాకా చెమ్మ దిగకుండా ఆగుతుందో ఆ కొలత అది. 2000 అంటే రెండు మీటర్ల నీళ్ల బరువును ఆపుతుందన్నమాట. అడుగు గుడ్డకు ఈ అంకె ఇంకా ఎక్కువ ఉండాలి. తడినేల మీద మోకాలు ఆనిస్తే ఆ ఒత్తిడికి కింది నీళ్లు పైకి వస్తాయి మరి. గుడ్డ ఎంత గట్టిదైనా సూది దిగిన చోట కన్నమే కాబట్టి, కుట్ల వెంట లోపలివైపు టేపు అంటించి ఉందో లేదో వేలితో తడిమి చూడాలి.

● రాత్రి చినుకు పడలేదు. తెల్లారి చూస్తే కప్పు లోపలంతా నీటి బొట్లు! గుడారం కారిందని దుకాణదారును తిట్టుకోనక్కర్లేదు. మనిషి ఒక్క రాత్రిలో ఊపిరి ద్వారా, ఒంటి మీది నుంచి పావు లీటరు దాకా తేమ వదులుతాడు. నలుగురిది కలిపితే లీటరు! చల్లటి గుడ్డకు తగిలి ఆ ఆవిరే బొట్లవుతుంది. లోపల దోమతెర, దానికి తగలకుండా పైన మరో గుడ్డ, గాలి ఆడే కిటికీలు ఉంటే ఈ బాధ తగ్గుతుంది.

● 1975లో నార్త్ ఫేస్ కంపెనీ ‘ఓవల్ ఇంటెన్షన్’ పేరుతో గుమ్మటం లాంటి గుడారం తెచ్చింది. దానికి ప్రేరణ ఇంజినీరు, రూపశిల్పి బక్మిన్‌స్టర్ ఫుల్లర్ ఆలోచనలు. ఒకదాన్నొకటి దాటుతూ వంగిన కడ్డీలు గాలి తోపును పంచుకుంటాయి.

● గాల్లోకి విసిరితే తనంతట తానే నిలబడే ‘2 సెకండ్స్’ గుడారాన్ని డెకాథ్లాన్ 2005లో అమ్మకానికి తెచ్చింది. ఇలాంటివి నిలబెట్టడం చిటికెలో పని. చుట్టి సంచిలో పెట్టడానికే నేర్పు కావాలి. పైగా మడిస్తే పెద్ద పళ్లెంలా గుండ్రంగా ఉంటాయి. డిక్కీ కొలిచి చూసుకోండి.

● గండికోటలో పెన్నా లోయ అంచున అడుగడుగునా బండే. మేకు దిగదు. మేకుల మీదే ఆధారపడే సొరంగం ఆకారపు గుడారం అక్కడ నిలబడటం కష్టం. కడ్డీల బలంతోనే నిలిచే గుమ్మటం రకం నయం. దాన్నీ తాళ్లతో పెద్ద రాళ్లకు కట్టాల్సిందే, లేదంటే గాలికి దొర్లిపోతుంది. మెత్తటి నేల అయితే మేకు తల గుడారానికి అవతలివైపు వాలేలా ఏటవాలుగా దిగ్గొట్టాలి.

● లంబసింగిని అక్కడివాళ్లు కొర్రబయలు అంటారు. ఆరుబయట ఉంటే చలికి కొయ్యబారిపోతారని ఆ పేరట. అంత చలిలోనైనా గుడారంలోకి కుంపటి గానీ, స్టవ్వు గానీ తేవద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ ఉండదు, వాసనా ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలికి మందు దుప్పట్లు, కింద మందపాటి పరుపు.

● కింద పరిచే పట్టా గుడారం అంచు దాటి బయటికి రాకూడదు. వస్తే వాన నీళ్లన్నీ పట్టి మీ వీపు కిందికే చేరుస్తుంది!

● గుడారాన్ని వాన కన్నా ఎక్కువగా పాడుచేసేది తడిగా మడిచి అటక మీద పడేయడం. బూజు పడుతుంది, లోపలి పూత జిగురు కట్టి పొరలుగా ఊడుతుంది. ఇంటికి రాగానే నీడన ఆరబెట్టండి. వాషింగ్ మెషిన్‌లో మాత్రం వేయొద్దు.

కొన్నాక మొదటి రాత్రి అడవిలో వద్దు, మేడ మీద గడపండి. మేకులు తక్కువైనా, జిప్పు పట్టేసినా, నలుగురికి చోటు చాలకపోయినా అక్కడే తెలిసిపోతుంది. మార్చుకోవడానికి బిల్లు ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది!