'కరెంటు పెట్టే' ముందు

తనకల్లు నుంచి క్యాన్సర్ రోగిని బెంగళూరు కిద్వాయికో, తిరుపతి స్విమ్స్‌కో తీసుకెళ్లేవారు, మనం 'కరెంటు పెట్టడం' అనే రేడియేషన్ వెళ్లిన రోజే మొదలవుతుందనుకుంటారు. మొదలవదు. ముందు సీటీ స్కాన్ తీసి, కిరణాలు ఎక్కడ ఎంత పడాలో లెక్క వేస్తారు. మెడ, నోటి క్యాన్సరైతే తల కదలకుండా ముఖం అచ్చుతో ప్లాస్టిక్ మాస్కు చేస్తారు. ఒంటిమీద పెట్టిన గుర్తులు చెరగకూడదు. వుజూలోనూ అక్కడ రుద్దకూడదు.

నోటి క్యాన్సర్‌లో పళ్ల డాక్టరు ముందే చూడాలి. పుచ్చిన పన్ను కరెంటు పెట్టాక పీకితే దవడ ఎముక మానక పాడయ్యే ప్రమాదముంది. అందుకే ముందే పీకి, చిగురు మానేదాకా సుమారు రెండు వారాలు ఆగుతారు. గుట్కా, బీడీ మానాల్సిందే. రంజాన్‌లో రోగికి రోజా నుంచి మినహాయింపు ఉంది, వాడుకోవాలి. తిండి తగ్గి మనిషి చిక్కితే మాస్కు వదులై మళ్లీ చేయాల్సి వస్తుంది.

ఈ ఎదురుచూపులోనే కొందరు ఇంటికొచ్చి తిరిగి వెళ్లరు. చికిత్స ఖర్చు ఆరోగ్యశ్రీలాంటి పథకంలో పోయినా, వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు ఊరుగాని ఊళ్లో గది అద్దె, పోయిన కూలి ఆ ఇంటిమీదే పడతాయి. వేరుశనగ ఎండిన ఏడాదైతే చెప్పనక్కర్లేదు. మీ జకాత్, సదఖాల్లో కొంత ఆ మొదటి స్కాన్ నాటికే రోగి చేతికి అందాలని మేము కోరుతున్నాం.