వ్యవసాయ ఫీడర్ల రక్షణలో ఓవర్ కరెంట్ రిలే

భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం స్థాపిత సామర్థ్యం 1,100 మెగావాట్లు. ఇటువంటి కేంద్రాల విద్యుత్తు గ్రిడ్‌లో కలిసి, 33/11 కిలోవోల్టుల సబ్‌స్టేషన్ల మీదుగా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల బోరుబావులకు చేరుతుంది. 2018 జనవరి 1 నుండి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ సరఫరా ప్రారంభమైంది. అయినప్పటికీ యాసంగి వరి పొట్ట దశలో ఉన్నప్పుడు ఫీడరు పదే పదే ట్రిప్ అయితే పైరు ఎద్దడికి గురవుతుంది. ఈ ట్రిప్పులలో కొన్నింటి నివారణ రైతుల చేతిలోనే ఉంది.

రిలే పనిచేయు విధానం

సబ్‌స్టేషన్‌లో ప్రతి 11 కిలోవోల్టుల ఫీడరుకు అమర్చిన కరెంట్ ట్రాన్స్‌ఫార్మరు, లైనులోని విద్యుత్ ప్రవాహాన్ని తగిన నిష్పత్తిలో తగ్గించి రిలేకు అందిస్తుంది. ప్రవాహం నిర్దేశించిన విలువను మించితే రిలే సంకేతమిచ్చి బ్రేకరును తెరిపిస్తుంది. ప్రవాహం ఎంత ఎక్కువైతే అంత త్వరగా స్పందించడం దీని ప్రత్యేకత. సాధారణ విలోమ లక్షణం గల రిలేలో టైమ్ మల్టిప్లయర్ 0.1గా ఉంటే, నిర్దేశిత విలువకు రెండు రెట్ల ప్రవాహం వద్ద సుమారు 1 సెకను, పది రెట్ల వద్ద సుమారు 0.3 సెకను పడుతుంది. పై అంచెలోని రిలేను సుమారు 0.3 నుండి 0.4 సెకన్లు ఆలస్యంగా స్పందించేలా అమర్చుతారు. అందువలన ఒక ఊరి లైనులో లోపం ఏర్పడితే ఆ ఫీడరు మాత్రమే ఆగుతుంది. మిగిలిన గ్రామాలకు సరఫరా కొనసాగుతుంది.

ఆటో స్టార్టర్ల ప్రభావం

ఒక ఫీడరుపై 5 హెచ్.పి. మోటార్లు 300 ఉన్నాయని, రిలే విలువ 200 ఆంపియర్లని అనుకుందాం. ఒక్కో మోటారు సుమారు 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది. అన్నీ నడుస్తున్నప్పుడు 11 కిలోవోల్టుల వైపు ప్రవాహం సుమారు 85 ఆంపియర్లు మాత్రమే. సరఫరా ఆగి తిరిగి వచ్చినప్పుడు ఆటో స్టార్టర్ల వలన అన్ని మోటార్లూ ఒకేసారి కదులుతాయి. మోటారు కదిలేటప్పుడు సాధారణం కంటే ఐదారు రెట్లు ఎక్కువ ప్రవాహం అవసరం. వోల్టేజి పడిపోయినా ఫీడరులో 400 ఆంపియర్లు దాటవచ్చు. రిలే సుమారు ఒక సెకనులో ట్రిప్ చేస్తుంది. లైనులో ఏ లోపమూ లేకున్నా సరఫరా నిలవదు.

రిలే విలువను పెంచడం దీనికి పరిష్కారం కాదు. ఫీడరు చివర షార్ట్ సర్క్యూట్ జరిగితే, లైను నిరోధం వలన ప్రవాహం పరిమితమవుతుంది. విలువ ఎక్కువగా ఉంటే రిలే ఆ లోపాన్ని గుర్తించలేదు. లేదా తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు దెబ్బతిన్న తరువాత గుర్తిస్తుంది.

రిలే గుర్తించలేని ప్రమాదం

తెగిన తీగ ఎండిన నేలపై పడితే భూమిలోకి స్వల్ప ప్రవాహమే వెళుతుంది. ఎర్త్ ఫాల్ట్ రిలే సైతం దీనిని గుర్తించకపోవచ్చు. అయినా ఆ తీగ ప్రాణాంతకమే. ట్రాన్స్‌ఫార్మరు నుండి మోటారు వరకు గల లైనుకు ఫ్యూజే రక్షణ. దాని స్థానంలో లావుపాటి తీగ చుట్టితే ఆ రక్షణ కూడా లేనట్లే.

రైతులకు తెలియజేయవలసిన అంశాలు

• ఆటో స్టార్టర్లను తొలగించాలి. సరఫరా వచ్చిన తరువాత మోటార్లను ఒకరి తరువాత ఒకరు ఆన్ చేసుకోవాలి.
• 5 హెచ్.పి. మోటారుకు 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటరు అమర్చుకుంటే లైనుపై భారం తగ్గుతుంది.
• మోటారుకు, స్టార్టరు పెట్టెకు సరైన ఎర్తింగ్ ఉండాలి.
• ఫ్యూజు మార్పిడిని విద్యుత్ సిబ్బందికే వదిలివేయాలి.
• తెగిపడిన తీగ దగ్గరకు పోరాదు, పశువులను పోనీయరాదు. వెంటనే సిబ్బందికి తెలపాలి.

రిలే తనను చేరిన ప్రవాహాన్ని మాత్రమే కొలుస్తుంది. తీగ పక్కన ఉన్న మనిషిని అది చూడలేదు. కనుక సాగు యాజమాన్యంపై జరిపే ప్రతి రైతు శిక్షణలో విద్యుత్ భద్రతకు కొంత సమయం కేటాయించడం అవసరం.