నిద్రమాత్ర ఎన్నాళ్లు?

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు పెద్దలు. నిజమే, నిద్ర వచ్చేవారికి చాపైనా ఒకటే, పందిరిమంచమైనా ఒకటే. మరి రానివారి మాటేమిటి? బూరుగుదూది పరుపు మీద పడుకుని, పక్కన ఇంటాయన గురక వింటూ, గంటలు లెక్కపెట్టుకునే ఇల్లాలి బాధ పడ్డవారికే తెలుస్తుంది. తెల్లవారుజామున కొళాయి వస్తుంది. ఆరింటికి పాలు, ఏడున్నరకల్లా క్యారేజీలు. రాత్రంతా కళ్లు తెరుచుకుని ఉన్నామని ఆ పనులు ఆగవు కదా! చివరికి ఒకరోజు డాక్టరుగారి ముందు కూర్చుని, "నిద్ర పట్టడం లేదండీ" అంటాం. ఆయన ఒక చిన్న మాత్ర రాస్తారు. ఆ రాత్రి హాయిగా నిద్ర పడుతుంది. తిరకాసంతా అక్కడే మొదలవుతుంది.

నేను డాక్టరును కాను, మీలాగే వంటింట్లో సగం రోజు గడిపే మనిషిని. మీ మందు సంగతి మీ డాక్టరే తేల్చాలి. అయితే ఆయన్ని ఏమడగాలో మనకు తెలిసి ఉండాలి కదా. అందుకని ఈ నాలుగు మాటలు.

మా అంగలకుదురులో మా వీధినే ఉండే ఒకావిడకు భర్త ఆపరేషను రోజుల్లో నిద్ర కరువైంది. పది రోజులకని మాత్ర రాశారు. ఆపరేషను అయింది, ఆయన కోలుకున్నారు, తెనాలి బజారుకు వెళ్లి కూరలు కూడా తెస్తున్నారు. ఈవిడ మాత్ర మాత్రం నాలుగేళ్లు సాగింది! పాత చీటీ చూపిస్తే షాపువాళ్లు ఇస్తూ వచ్చారు. మొదట్లో సగం బిళ్లకు వచ్చే నిద్ర తర్వాత ఒకటి వేస్తేగాని రాలేదు. ఇంతలో కూతురు ఫోనులో, "ఇంకా ఆ మాత్రలేమిటమ్మా, మానెయ్యి" అని కేకలేసింది. తల్లికి పౌరుషం వచ్చి ఆ రాత్రే మానేసింది. మూడు రాత్రులు కునుకు లేదు. చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు, గిన్నె కిందపడిన చప్పుడుకు కూడా గుండె అదిరేది. చూసినవాళ్లు గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టిద్దామన్నారు. అదృష్టం, వాళ్లాయన మళ్లీ డాక్టరు దగ్గరికే తీసుకెళ్లారు. గాలీ కాదు ధూళీ కాదు, మాత్ర హఠాత్తుగా ఆపినందువల్ల వచ్చిన బాధ అది.

ఇలాంటిదే పెద్ద ఎత్తున 2015లో తెలంగాణలో జరిగింది. అక్కడ కొన్నిచోట్ల కల్లులో ఆల్‌ప్రాజోలం, డయాజిపాం లాంటి మందులు కలిపి అమ్మేవారు. ఆల్‌ప్రాజోలం అంటే మన ఇళ్లల్లో నిద్రకూ గాబరాకూ రాసే మందే, ఇంకేదో విషం కాదు. ప్రభుత్వం కల్తీని అరికట్టబోయేసరికి ఆ కల్లుకు అలవాటుపడ్డవాళ్లు నిజామాబాదు, మహబూబ్‌నగర్ వైపు ఒక్కసారిగా జబ్బుపడ్డారు. వణుకులు, ఫిట్లు, లేనివి కనిపించడం, పిచ్చిగా ప్రవర్తించడం. హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు కూడా రోగులను తీసుకొచ్చారు. తాము రోజూ నిద్రమందు మింగుతున్నామని వాళ్లలో చాలామందికి తెలియనే తెలియదు. మనం తెలిసి మింగుతాం, అంతే తేడా. ఆపే పద్ధతి తెలియకపోతే ఒంటికి రెండూ ఒకటే.

ఎందుకిలా జరుగుతుంది? మెదడులో గాబా అనే ఒక పదార్థం ఉంది. సైకిలుకు బ్రేకు లాంటిదనుకోండి. ఆల్‌ప్రాజోలం, క్లోనాజిపాం, డయాజిపాం, నైట్రాజిపాం - ఈ జాతి మందులన్నీ ఆ బ్రేకును గట్టిగా పట్టిస్తాయి. జాల్పిడెం కొంచెం వేరే జాతిదైనా పనిచేసే తీరు దాదాపు ఇదే. రోజూ బయటినుంచి సాయం వస్తోంది గదా అని మెదడు తన బ్రేకును వదులు చేసుకుంటుంది. అందుకే పాత మోతాదు చాలకుండా వస్తుంది. ఇక ఒక్కసారిగా సాయం తీసేస్తే, పల్లంలో బ్రేకు లేని సైకిలే! ఇంగ్లండులో మందుల భద్రత చూసే కమిటీ 1988లోనే ఈ జాతి మందులు రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడవద్దని డాక్టర్లకు చెప్పింది.

అంచేత మాత్ర రాసిన రోజునే రెండు ప్రశ్నలు అడగండి. "ఎన్ని రోజులండీ?" "ఆపేటప్పుడు ఎలా ఆపాలండీ?" మొహమాటపడకండి. చీరకు అంచు ఎంత, జాకెట్టు ముక్క ఉందా లేదా అని పదిసార్లు అడుగుతాంగా! ఆయన చెప్పిన ఆఖరు తేదీని చీటీ మీదే రాయించుకోండి, ఇంటికొచ్చి క్యాలెండరులో చుట్టండి. అదే క్యాలెండరులో మాత్ర వేసుకున్న రాత్రల్లా ఒక గీత పెట్టుకోండి. ఈ మందులు మతిమరుపు తెస్తాయి. వేసుకున్నానో లేదో అని మళ్లీ ఇంకోటి వేసుకునేవాళ్లున్నారు.

మాత్ర వేసుకుని ఇంకా నాలుగు గిన్నెలు తోమి, పెరుగు తోడుపెట్టి, తలుపులు చూసి పడుకుందాం అనుకోకండి. పనులన్నీ ముగించి, పక్క ఎక్కబోయే ముందు వేసుకోవాలి. మళ్లీ లేవడానికి కనీసం ఏడెనిమిది గంటలు చేతిలో ఉండాలి. రాత్రి రెండింటికి నిద్ర రాలేదని ఇంకో మాత్ర మింగడం అన్నిటికన్నా ప్రమాదం. పొద్దున పొయ్యి దగ్గర తూలిపోతారు. జాల్పిడెం వేసుకున్నవాళ్లలో కొందరు నిద్రలోనే లేచి నడవడం, వంట చేయడం, బండి నడపడం జరిగి, కొందరు గాయాలపాలై ప్రాణాలు కూడా పోయినందువల్ల 2019లో అమెరికా ప్రభుత్వ మందుల సంస్థ పెట్టె మీద గట్టి హెచ్చరిక వేయించింది. నిద్రలో గ్యాసు వెలిగిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటిది ఒక్కసారి జరిగినా ఆ మందు మళ్లీ ముట్టకుండా డాక్టరుకు చెప్పాలి.

ఆడవాళ్లం ప్రత్యేకంగా తెలుసుకోవాల్సిన సంగతొకటి ఉంది. జాల్పిడెం మన ఒంట్లోంచి మగవాళ్ల ఒంట్లోంచి పోయినంత త్వరగా పోదు. రాత్రి వేసుకున్నది పొద్దున స్కూటీ నడిపే వేళకు కూడా రక్తంలో మిగిలి ఉంటోందని తేలి, 2013లో అదే సంస్థ ఆడవాళ్ల మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించమంది. అంతకుముందు ఏళ్ల తరబడి ఇద్దరికీ ఒకే మోతాదు! కాబట్టి ఆయన చీటీలో ఉన్న మాత్ర ఆవిడకు సరిపోతుందనుకోవడం తప్పు.

అసలు మన ఇళ్లల్లో మాత్రలు ఇచ్చిపుచ్చుకోవడం కరివేపాకు అడిగినంత తేలిక. "వదినగారూ, నిద్ర లేదంటున్నారు, నా దగ్గర ఉన్నాయి, రెండు తీసుకెళ్లండి." మంచి మనసే, కాదనను. కాని ఆ వదినగారికి ఉబ్బసం ఉందేమో, గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగే జబ్బు ఉందేమో మనకేం తెలుసు? వాళ్లకు ఈ మాత్ర ఊపిరిని ఇంకా మందగింపచేస్తుంది. కొడీన్ ఉన్న దగ్గుమందు, ట్రమడాల్ లాంటి నొప్పి బిళ్ల, జలుబుకు వేసుకునే మత్తు బిళ్లలు వీటితో కలిస్తే మత్తు రెట్టింపవుతుంది. ఇక మద్యం సంగతి సరేసరి. మగవాళ్లకు ఈ మాత్రలు రాస్తే, ఆ అలవాటున్న సంగతి ఇల్లాలే డాక్టరు చెవిన వేయాలి. ఆయన చెప్పరు.

గర్భిణులకు ఇంకా జాగ్రత్త. థాలిడోమైడ్ అనే మందును 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రకూ నెమ్మదికీ నిరపాయమైన మాత్రగా అమ్మారు. తల్లులు వేవిళ్లకు కూడా వేసుకున్నారు. కాళ్లూ చేతులూ సరిగా లేని పిల్లలు వేలమంది పుట్టారు. 1961 నవంబరులో గాని దాన్ని వెనక్కి తీసుకోలేదు. ఇప్పటి మాత్రలు ఆ మందు కాదు. అయినా కడుపుతో ఉన్నామనో, బిడ్డకు పాలిస్తున్నామనో ముందే చెప్పకుండా ఏ నిద్రమాత్రా వేసుకోకూడదు.

పెద్దవాళ్లున్న ఇంట్లో ఇంకో బెంగ. డయాజిపాం ఒంట్లోంచి పోవడానికి మామూలుగానే రోజుల తరబడి పడుతుంది. అత్తగారి వయసులో ఇంకా ఆలస్యం. రాత్రి మూత్రానికి లేచి, మత్తులో తడబడి, గడప దగ్గర పడితే తుంటి ఎముక విరుగుతుంది. ఆ తర్వాత మంచమే. ఆవిడ మాత్రల డబ్బా ఒకసారి తీసి చూడండి. ఇద్దరు డాక్టర్లు రెండు పేర్లతో ఒకే జాతి మందు రాసి ఉండవచ్చు.

మన దేశంలో 2014 మార్చి నుంచి ఆల్‌ప్రాజోలం, డయాజిపాం, నైట్రాజిపాం, జాల్పిడెం లాంటివాటికి కట్టుదిట్టం పెరిగింది. డాక్టరు చీటీ చూడాలి, రోగి పేరూ డాక్టరు పేరూ షాపువాళ్లు పుస్తకంలో ఎక్కించి మూడేళ్లు దాచాలి. అట్ట మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది. చీటీ అడిగిన షాపాయన మీద చిరాకుపడకండి. అడగనివాడి దగ్గరే అనుమానపడాలి.

నిద్ర రాకపోవడానికి కారణం వెతకకుండా మాత్ర మింగడం, ఇల్లు కారుతుంటే గిన్నె పెట్టడం లాంటిది. నలభై దాటాక ముట్లు ఆగే రోజుల్లో ఒంట్లో ఆవిర్లు వచ్చి మెలకువ వస్తుంది. థైరాయిడ్ ఎక్కువైనా, షుగరు ఎక్కువై మాటిమాటికి లేవాల్సి వచ్చినా నిద్ర చెడుతుంది. దిగులు జబ్బులో తెల్లవారుజామునే మెలకువ వచ్చి మరి పట్టదు. వీటన్నిటికీ వేర్వేరు వైద్యాలున్నాయి. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలో సగం సత్తువ రాత్రి పదకొండింటికీ ఒంట్లోనే ఉంటుంది, అది కూడా లెక్కలో వేసుకోండి.

ఎన్నాళ్లుగానో ఉన్న నిద్రలేమికి మాత్ర కన్నా ముందు అలవాట్లు దిద్దే చికిత్స చేయాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే డాక్టర్ల సంస్థ 2016లో చెప్పింది. నిద్ర పట్టినా పట్టకపోయినా పొద్దున ఒకే వేళకు లేవడం. ఇరవై నిమిషాలు గడిచినా నిద్ర రాకపోతే పక్క దిగి ఇంకో గదిలో కూర్చుని, కళ్లు మూతలు పడ్డాకే మళ్లీ వెళ్లడం. మంచం మీద ఫోనూ, టీవీ సీరియలూ, నెల ఖర్చుల లెక్కలూ పెట్టుకోకపోవడం. మధ్యాహ్నం కునుకు మానడం. ఈ చివరిది మనకు కష్టమే, నాకు తెలుసు! మొదటి రెండు వారాలు నిద్ర ఇంకా తగ్గినట్లుంటుంది, తర్వాత దారిలో పడుతుంది. ఫిట్ల జబ్బున్నవారు మాత్రం డాక్టరునడిగి మొదలుపెట్టాలి.

మాత్రల అట్ట అలమరలో తాళం వేసి ఉంచండి, నెలల తరబడి నిలవ పెట్టకండి. చిన్నపిల్లలున్న ఇల్లయితే సరే, మనసు విరిగి ఉన్న మనిషి ఇంట్లో ఉన్నా అంతే. ఎవరైనా ఎక్కువ మింగారని తెలిస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించబోకండి, మత్తులో ఉన్నవారికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి, ఖాళీ అట్ట వెంట తీసుకెళ్లండి. బతకాలనిపించని దిగులు మీకే ఉంటే, టెలి మానస్ అనే ప్రభుత్వ సాయం 14416 నంబరులో ఉంది. తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.

ఇప్పటికే ఏళ్లుగా వాడుతున్నవారు ఈ మాటలు చదివి ఈ రాత్రి మానేయకండి సుమా! రేపు డాక్టరు దగ్గరికి వెళ్లి, ఎంతకాలంగా, రోజుకు ఎంత వేసుకుంటున్నారో దాచకుండా చెప్పండి. మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఒక్కో మెట్టుకు ఒకటి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. దిగిన ప్రతి మెట్టు దగ్గరా రెండు మూడు రాత్రులు నిద్ర చెడవచ్చు. అది పాత జబ్బు తిరిగొచ్చినట్లు కాదు, మెదడు తన బ్రేకును తాను బిగించుకుంటున్నట్లు. వణుకు, గాబరా మరీ ఎక్కువైతే ఆ మెట్టు మీదే ఇంకొన్నాళ్లు ఆగమంటారు. మా వీధి ఆవిడకు పూర్తిగా మానడానికి అయిదు నెలలు పట్టింది. కూతురు మళ్లీ తొందరపెట్టబోతే, "నిదానంగానే మానమన్నారు డాక్టరుగారు, నువ్వు ఊరుకో" అన్నదట.