బండికి తగిన బరువు: తేలికపాటి విహార ట్రెయిలరును ఎన్నుకొను విధము

ఇల్లు విడిచి దూరప్రయాణము చేయువానికి రాత్రి తలదాచుకొనుటకు ఒక చోటు వలయును. పూర్వము మన పెద్దలు సత్రములలోను, చెట్ల నీడలలోను విడిది చేసెడివారు. అమెరికా, కెనడా, ఇంగ్లండు మొదలగు దేశములలో పలువురు తమ విడిదిని తమ వెంటనే తీసికొనిపోవుదురు. పడక, పొయ్యి, నీళ్ల తొట్టి గల చిన్న గదిని చక్రములపై నిలిపి, దానిని కారు వెనుక తగిలించి లాగుకొనిపోవుదురు. దీనినే ట్రావెల్ ట్రెయిలరు అందురు.

ఇట్టి దానిని కొనగోరువారు మొట్టమొదట "మా కారు దీనిని లాగగలదా?" అని అడుగుదురు. ప్రశ్న మంచిదే, కాని అది చాలదు. లాగగలుగుట వేఱు, మోయగలుగుట వేఱు, ఆపగలుగుట వేఱు. ఈ మూడింటికిని చాలిన కారే ఆ ట్రెయిలరునకు తగిన కారు. ఈ భేదము నెఱుగక కొన్నచో సొమ్మునకే గాక ప్రాణములకును ముప్పు కలుగును.

తేలికపాటి ట్రెయిలరునకు ఒక మంచి ఉదాహరణము కలదు. 1968లో కెనడా దేశమందలి విన్నిపెగ్ నగరమున రే ఒలెకో అనునతడు ఫైబర్ గ్లాసుతో 'బోలర్' అను ట్రెయిలరును రూపొందించెను. పై సగమును, క్రింది సగమును వేఱువేఱుగా అచ్చులలో చేసి నడుమ అతికించెడివారు. దాని పొడవు 13 అడుగులు, బరువు సుమారు 450 కిలోలు. కావున చిన్న కార్లు సైతము దానిని లాగగలిగెను. గ్రుడ్డువలె గుండ్రనై, ఎత్తు తక్కువైన ఆకారమువలన గాలి తాకిడియు తక్కువగా నుండును. వేగము రెట్టింపైనచో గాలి నిరోధము నాలుగు రెట్లగును గనుక ఇది చిన్న లాభము కాదు.

అయితే అమ్మువారు చెప్పు బరువు తఱచుగా ఖాళీ బరువే. ఖాళీగా 600 కిలోలు తూగు ట్రెయిలరు నొకదానిని తలంపుడు. దానిలో 80 లీటర్ల నీరు పోసినచో 80 కిలోలు పెరుగును. గ్యాసు, బ్యాటరీ, దుప్పట్లు, వంటపాత్రలు, భోజన పదార్థములు, బట్టలు కలసి మఱి 220 కిలోలైనచో మొత్తము 900 కిలోలగును. ట్రెయిలరుపై బిగించిన పలకమీద అది మించరాని గరిష్ఠ భారము ముద్రింపబడి యుండును. ఖాళీ బరువును గాక ఆ గరిష్ఠ భారమును బట్టియే కారును ఎంచవలెను.

ఇక మోయుట యననేమి? మన ఎద్దుబండిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. సామాను వెనుకకు ఎక్కువైనచో నొగ పైకి లేచి, మెడత్రాళ్లు బిగిసి ఎద్దులకు ఊపిరాడదు. ముందుకు ఎక్కువైనచో కాడి మెడలపై అణగి ఎద్దులు అలసిపోవును. ట్రెయిలరునకును నొగ కలదు. దాని కొన కారు వెనుక కొక్కెముపై ఆని యుండును. ట్రెయిలరు మొత్తము బరువులో నూటికి 10 మొదలు 15 వంతుల వఱకు ఆ కొనపై మోపవలెనని అమెరికాలో నియమము పాటింతురు. 900 కిలోల ట్రెయిలరునకు అది 90 మొదలు 135 కిలోలగును.

ఈ భారమును మోయునది కారే. ఒక కారు 1,500 కిలోలను లాగగలదనియు, లోపల 400 కిలోలను మోయగలదనియు అనుకొందము. నలుగురు మనుష్యులు 280 కిలోలు, వారి పెట్టెలు 50 కిలోలు పోగా మిగులునది 70 కిలోలే. నొగ భారము తక్కువలో తక్కువ 90 కిలోలు! కావున లాగుటకు శక్తి ఎంత యున్నను ఆ కారు ఆ ట్రెయిలరునకు చాలదు. మోత మించినచో కారు వెనుక భాగము క్రుంగి, ముందు చక్రములపై బరువు తగ్గి, చుక్కాని పట్టు సడలును. కొక్కెమునకును, కారు ట్రెయిలరు కలసిన మొత్తము బరువునకును వేఱువేఱు హద్దులు గలవు. వీనిలో ఏ యొక్కటి మించినను ప్రమాదమే.

నొగ భారము తక్కువైనచో అంతకంటె పెద్ద కీడు. వేగముగా పోవునపుడు ట్రెయిలరు తోకవలె ఇటునటు ఊగి కారునే త్రిప్పివేయవచ్చును. కావున బరువైన వస్తువులను ఇరుసునకు దగ్గఱగా, క్రిందుగా, కొంచెము ముందుకు సర్దవలెను. ఊపు మొదలైనచో గట్టిగా బ్రేకు త్రొక్కరాదు, చుక్కానిని త్రిప్పరాదు. కాలు తీసి వేగమును మెల్లగా తగ్గనీయవలెను.

మూడవది ఆపుట. బరువు పెరిగినకొలది ఆగుటకు పట్టు దూరమును పెరుగును. అందుచేతనే ఐరోపా దేశములలో 750 కిలోలు మించిన ట్రెయిలరునకు సొంత బ్రేకులు ఉండవలెనని చట్టము విధించినది. చట్టము కోరకున్నను బ్రేకులు గలదానినే ఎన్నుకొనుట వివేకము.

కొనదలచినవారు ముందుగా కారు తలుపు ప్రక్కనున్న చీటీని, కారుతో వచ్చిన పుస్తకమును చదువవలెను. పిమ్మట ట్రెయిలరు పలకను చూడవలెను. కొన్న తరువాత సామాను నింపి, లారీలను తూచు కాటాపై ఒకసారి తూయించవలెను. కంటి అంచనా కంటె కాటా మేలు.

విద్యార్థులారా! ఇది పరదేశపు విషయమని త్రోసిపుచ్చకుడు. చెఱకు కోతల కాలమున మన దారులలో ట్రాక్టర్ల వెనుక పోవు ట్రెయిలర్లకును ఈ సూత్రములే వర్తించును. అట్టి బండిని చూచినపుడు అది ఎంత లాగుచున్నదని మాత్రమే గాక, పల్లమున దానిని ఎట్లు ఆపగలరని కూడ ఆలోచింపుడు. తులాదండము, గరిమనాభి అని మీరు తరగతిలో చదువు పాఠములు మనుష్యుల ప్రాణములను కాపాడుట అక్కడ మీకు కనబడును.