నోటరీ ముద్రయు భూమి దస్తావేజులును

నోటరీ 1952వ సంవత్సరపు చట్టము ననుసరించి ప్రభుత్వముచే నియమింపబడినవాడు. దస్తావేజు వ్రాసియిచ్చు మనుష్యుని గుర్తెఱిగి, అతడు తన యెదుట సంతకమో వేలిముద్రయో చేసిన పిమ్మట, తేదీతో ముద్ర వేయుట ఆతని పని. ప్రమాణపత్రములకును, నకళ్ల ధ్రువీకరణమునకును ఇది యక్కఱకు వచ్చును.

అయితే ఆ ముద్ర సంతకమునకే సాక్ష్యము, భూమిహక్కునకు గాదు. అమ్మువానికి ఆ భూమి కలదో లేదో, అది యదివఱకే తాకట్టు పడియున్నదో నోటరీ విచారింపడు. వెల 100 రూపాయలకు తక్కువ కాని భూమి విక్రయము రిజిస్టరు కానిదే చెల్లదని 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము చెప్పుచున్నది. సాదా బైనామాపై నోటరీ ముద్ర పడినను అది సాదా బైనామాయే.

కావున రైతులు ముద్ర జూచి సొమ్ము చెల్లింపక, ముందుగా రిజిస్ట్రేషను కచ్చేరిలో పూర్వపు తాకట్టులను విచారించి, సంతకమైన 4 మాసములలోపల దస్తావేజును రిజిస్ట్రేషనునకు దాఖలు చేయవలెను.