వార్తలు చదివిన కంఠం

రేడియోలో వార్తలు చదువు వ్యక్తి ముఖం శ్రోతలకు కనిపించదు. ఆ మనిషిని నమ్మవలెనో వద్దో కంఠాన్ని బట్టియే వారు నిశ్చయించుకొందురు. అట్లు సంపాదించుకొన్న నమ్మకం, ముఖం కనిపించు టెలివిజన్‌లో కూడ అక్కరకు వచ్చునని కెనడా దేశస్థులైన లోర్న్ గ్రీన్ జీవితం నిరూపించినది.

గ్రీన్ 1915 ఫిబ్రవరి 12న ఆటవాలో, రష్యా నుండి వలసవచ్చిన యూదు కుటుంబంలో జన్మించినారు. కింగ్‌స్టన్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో రసాయన ఇంజనీరింగు ప్రారంభించి, భాషల వైపునకు మరలినారు. రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమైన దినాలలో కెనడా ప్రసార సంస్థ సి.బి.సి.లో ముఖ్య వార్తాపాఠకులైనారు.

యుద్ధంలో మరణించిన సైనికుల వార్తలు ఆయన గంభీర స్వరంలో ఇండ్లకు చేరెడివి. శ్రోతలు ఆయనకు 'ప్రళయవాణి' అని అర్థమిచ్చు పేరు పెట్టినారు. వార్తలు చదువు మాకు అందలి కష్టం తెలియును. దుర్వార్తకు చదువరి తన దుఃఖాన్ని జోడించరాదు. అట్లని కర్కశంగానూ పలుకరాదు. వినువారిలో ఆ సైనికుని తల్లి ఉండవచ్చును.

యుద్ధానంతరం టొరంటోలో ఆయన రేడియో కళల పాఠశాల స్థాపించినారు. నటుడు లెస్లీ నీల్సన్ అచట చదివినవారే. స్టూడియోలో ఎంత సమయం గడచినదో కాదు, ఎంత మిగిలినదో తెలియవలెను. మనసులో తీసివేతలు చేసికొనుచు చదివినచో మాట తడబడును. అందుకై గ్రీన్ వెనుకకు నడచు స్టాప్‌వాచీని రూపొందించినారు. దానిని చూపుటకు న్యూయార్కు వెళ్లినపుడు, పూర్వ పరిచయస్థులైన నిర్మాత ఫ్లెచర్ మార్కిల్ తారసపడినారు. ఆ విధంగా టెలివిజన్ నాటకాలలో ప్రవేశం లభించినది. 1953లో 'స్టూడియో వన్' ప్రసారం చేసిన ఆర్వెల్ '1984'లో ఓబ్రియన్ పాత్ర ఆయనదే.

1959 సెప్టెంబరు 12న ఎన్.బి.సి.లో 'బొనాంజా' ఆరంభమైనది. నెవాడాలో విశాలమైన పశుక్షేత్రానికి యజమాని, ముగ్గురు కుమారుల తండ్రి బెన్ కార్ట్‌రైట్‌గా గ్రీన్ 1973 వరకు నటించినారు. పెద్ద కుమారుని పాత్రధారి పెర్నెల్ రాబర్ట్స్ ఆయనకంటె 13 సంవత్సరాలే చిన్నవారు! నెరసిన జుట్టు కొంత తోడ్పడినను, తండ్రి అని నమ్మించినది ఆ కంఠమే. 1964లో ఆయన పాడక, మాటలతోనే కథ చెప్పిన 'రింగో' రికార్డు అమెరికాలో ప్రథమస్థానం పొందినది.

1969లో కెనడా ప్రభుత్వం 'ఆర్డర్ ఆఫ్ కెనడా'తో గౌరవించినది. 1987 సెప్టెంబరు 11న శాంటా మోనికాలో ఆయన కన్నుమూసినారు. ఒకనాడు ఇండ్లకు మరణవార్తలు మోసికొనివచ్చిన స్వరాన్నే, తరువాత వారం వారం ఇంటిపెద్ద స్వరంగా ప్రజలు ఆదరించినారు.