పరిశోధనాలయాలలో భద్రతా సమాచారం: చేరవలసిన వారికి చేరడమే ప్రధానం

పరిశోధనాలయంలో శాస్త్రవేత్తలతో పాటు పరిశోధక విద్యార్థులు, పారిశుద్ధ్య సిబ్బంది, సిలిండర్లు మోసే కార్మికులు, కాపలాదారులు, మరమ్మతులకు వచ్చే కాంట్రాక్టు సిబ్బంది కూడా పనిచేస్తుంటారు. ప్రమాదకర పదార్థాలను గురించిన సమాచారం వీరందరికీ తెలిసిన భాషలో, పనిలోకి దిగకముందే అందవలసి ఉన్నది.

చట్టపరమైన నేపథ్యం

1984 డిసెంబరు 2-3 తేదీల రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసైనేట్ వెలువడినప్పుడు, తాము పీల్చుతున్నది ఏ వాయువో పరిసర బస్తీల ప్రజలకు తెలియదు. ఆ విషాదం దరిమిలా 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం అమలులోకి వచ్చింది. ప్రమాదాల వివరాలను కార్మికులకు, స్థానిక సంస్థలకు, పరిసర ప్రజలకు వెల్లడించే బాధ్యతను 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ యాజమాన్యాలపై ఉంచింది. ప్రమాదకర రసాయనాలకు భద్రతా సమాచార పత్రం, పాత్రలపై లేబుల్ ఉండాలని 1989 నాటి నియమాలు నిర్దేశించాయి.

నియమం కాగితంపై ఉంటే చాలదని 2020 మే 7న విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద 12 మందిని బలిగొన్న స్టైరీన్ దుర్ఘటన నిరూపించింది. ఆ సమయంలో హెచ్చరిక సైరన్ మోగలేదని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తన నివేదికలో పేర్కొన్నది.

ప్రయోగశాలల ప్రత్యేకత

కర్మాగారంలో కొద్ది రకాల రసాయనాలు భారీ పరిమాణంలో ఉంటాయి. ప్రయోగశాలలో వందలాది రకాలు చిన్న సీసాలలో ఉంటాయి. 1989 నియమాలలోని పలు నిబంధనలు నిర్ణీత పరిమాణం దాటిన నిల్వలకే వర్తిస్తాయి. కాబట్టి ప్రయోగశాలలో భద్రత అధికభాగం సంస్థ అంతర్గత క్రమశిక్షణపైనే ఆధారపడి ఉంటుంది.

ద్రవ నత్రజని ఇందుకు చక్కని ఉదాహరణ. ఒక లీటరు ద్రవం ఆవిరైతే సుమారు 700 లీటర్ల వాయువుగా మారుతుంది. దానికి రంగు, వాసన ఉండవు. మూసి ఉన్న గదిలో అది ప్రాణవాయువును తోసివేయగా, లోపలికి వెళ్లిన వ్యక్తి ఏ హెచ్చరికా లేకుండానే స్పృహ కోల్పోవచ్చు. అతనిని రక్షించబోయిన వారికీ అదే ముప్పు. గాలిలో సాధారణంగా 20.9 శాతం ఉండే ప్రాణవాయువు 19.5 శాతం కంటే తగ్గితే ప్రమాద సూచనగా పరిగణిస్తారు. ఆ గది తలుపుపై తెలుగులో ఒక హెచ్చరిక, లోపల ఒక ప్రాణవాయు సూచిక యంత్రం ఉంటే ప్రాణాలు నిలుస్తాయి.

వ్యర్థాల విషయమూ అంతే. నత్రికామ్లం ఉన్న సీసాలో సేంద్రియ ద్రావణులను పోస్తే వాయువులు వెలువడి, మూత బిగించిన సీసా పేలవచ్చు. లోపల ఏమున్నదో తెలిపే లేబుల్ లేకపోవడం ఇటువంటి ప్రమాదాలకు దారితీస్తుంది.

పరిశీలించదగిన అంశాలు

భద్రతా సమాచార పత్రంలో 16 భాగాలు ఉంటాయి. 4వ భాగం ప్రథమ చికిత్సను, 6వది పదార్థం ఒలికినప్పుడు చేయవలసిన పనిని, 8వది ధరించవలసిన రక్షణ సామగ్రిని, 13వది వ్యర్థాల తొలగింపును వివరిస్తాయి. ఈ పత్రాలు అల్మారాలో తాళం వేసి ఉన్నాయా, పని జరిగే చోట అందుబాటులో ఉన్నాయా అన్నది తనిఖీ అధికారులు గమనించవలసిన మొదటి అంశం. రాత్రివేళ కాపలాదారు ఎవరికి ఫోన్ చేయాలో అతనికి తెలుసా, అగ్నిమాపక సిబ్బంది వద్ద నిల్వల జాబితా ఉన్నదా అన్నవి తదుపరి అంశాలు.

జీవవైద్య వ్యర్థాలు వెలువడే పరిశోధనాలయాలు తమ వార్షిక నివేదికను వెబ్‌సైట్‌లో ఉంచాలని 2016 నాటి నియమాలు నిర్దేశిస్తున్నాయి. పాత్రికేయులు తమ పరిశీలనను ఈ నివేదికతో ప్రారంభించవచ్చు.